నోటి బోణీ

ఆ బుధవారం ఉదయానికి ఖాదర్ మొహిద్దీన్ వేసుకున్న ఏర్పాట్లలో చీమలు లేవు. మసీదు నుంచి ఇంటికొచ్చి, టీ తాగి, బుచ్చిరెడ్డిపాలెం బజారులో ఉన్న తన మిఠాయి అంగడికి పోవాలి. పొయ్యి రాజేయించాలి. రైసుమిల్లు పద్మనాభయ్య గారు వచ్చే నెలలో కొత్త మిల్లు ప్రారంభానికి అడిగిన రెండువేల కాజాలకు మైదా ఎంత, నెయ్యి ఎంత అన్నది పనివాడు మాల్యాద్రితో కూర్చుని తేల్చాలి. అది పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం. నలభై ఎనిమిదేళ్ల మనిషికి ఒక బుధవారానికి అంతకంటే పని ఉండకూడదు. ఆయన దొడ్లోకి పోకుండా ఉంటే ఉండేది కూడా కాదు.

దొడ్లో ఒక మూల తాటాకు తడిక, దాని వెనక నాపరాయి బండ. స్నానానికీ ఒంటికి పోవడానికీ ఇంటిల్లిపాదికీ అదే చోటు. ఇంటిల్లిపాదీ అంటే ఇద్దరే, ఖాదర్, ఆయన భార్య సైదాబీ. ఉన్న ఒక్క కూతురూ కావలిలో కాపురం చేసుకుంటోంది. ఆ పొద్దున బండ అంచున నల్లచీమలు బారు తీరి ఉన్నాయి. గోడ పునాదిలోంచి బయలుదేరి, బండెక్కి, తడి ఉన్నంత మేరా చేరి ఉన్నాయి. ఖాదర్ లుంగీ ఎగగట్టుకుని వంగి చూశాడు. చీమలు ఆయన్ని లెక్కచేయలేదు.

ఆయన తండ్రి పీర్ సాహెబ్ చివరి రోజుల్లో ఇట్లాగే చీమలు వచ్చేవి. పీర్ సాహెబ్‌కు చక్కెర జబ్బు. అరికాల్లో తుమ్మముల్లు గుచ్చుకుంది, పుండు మానలేదు. ముందు పాదం తీసేశారు, తర్వాత మోకాలి దాకా తీసేశారు, ఆ తర్వాత ఆయనే పోయాడు. అప్పటికి ఖాదర్‌కు ఇరవై ఆరేళ్లు. తండ్రి అంగడి ఆ రోజే చేతికొచ్చింది. తండ్రి జబ్బు ఎప్పుడొస్తుందా అని ఇరవై రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు. కాబట్టి చీమలు తన కోసమే వచ్చాయని అక్కడికక్కడే తీర్మానించుకున్నాడు. అసలు లోకంలో ఏం జరిగినా తన కోసమే జరిగిందనుకోవడం ఆయన స్వభావం. వాన కురిస్తే తన మైదా తడపడానికి, బస్సు ఆలస్యమైతే తనను ఎండలో నిలబెట్టడానికి.

లోపలికొచ్చేసరికి సైదాబీ కుండ దగ్గర నిలబడి చెంబెత్తి గటగటా నీళ్లు తాగుతోంది. ఆమె దించేదాకా ఆగి, సంగతి చెప్పాడు.

"పాకం కాళ్లతో వచ్చి ఆ బండ మీదనే కడుక్కుంటిరి. చీమలు రాకుండా ఏం చేస్తాయి?" అన్నది సైదాబీ మూతి తుడుచుకుంటూ.

"నాయనకూ ఇట్టనే వచ్చినాయి."

"మీ నాయనకు వచ్చినాయని మీక్కూడా రావాలని యాడన్నా రాసుండాదా?"

ఈ మాట ఆయనకు నచ్చలేదు. కట్టుకున్నవాడి చావును ఇంత తేలిగ్గా తీసేసే మనిషితో ఏం మాట్లాడతాం అనుకుని, టీలో చక్కెర వద్దన్నాడు. ఆ టీ తాగలేక సగంలో వదిలేశాడు. ఆ మిగిలిన సగం పారబోయడం ఇష్టం లేక, చక్కెర వేసుకుని సైదాబీ తాగింది.

ఇక్కడ ఆ అంగడి ఆచారం ఒకటి చెప్పాలి. ఎప్పుడో పీర్ సాహెబ్ కాలంలో, పక్క ఊళ్లో ఎవరో అమ్మిన లడ్డూలు తిని ఒక పెళ్లివారంతా మంచాన పడ్డారట. ఆ భయంతో జనం మిఠాయి అంగళ్ల వైపు రావడం మానేస్తే పీర్ సాహెబ్ ఒక పద్ధతి పెట్టాడు. రోజూ పొద్దున పాకంలోంచి తీసిన మొదటి కాజాను అందరి ఎదుటా విరిచి, సగం తాను తిని, సగం మొదట వచ్చిన బేరానికి ఇస్తాడు. పెద్ద సరుకైతే కొన్నవాళ్ల వాకిట్లోనే ఒకటి తిని చూపిస్తాడు. దానికి నోటి బోణీ అని పేరు పడింది. అంగడివాడు తిన్నాకే ఊరు తింటుంది. తండ్రి పోయిన మర్నాడు కూడా ఖాదర్ ఏడుస్తూనే సగం కాజా నోట్లో వేసుకున్నాడు. ఒక్కరోజు తప్పింది లేదు.

ఆ బుధవారం తప్పింది. కాజా విరిచాడు, నోటిదాకా తెచ్చాడు, తండ్రి కాలు కళ్లముందు కనబడింది. కడుపులో బాగాలేదని గొణిగి రెండు ముక్కలూ బేరానికే ఇచ్చేశాడు. గురువారం కూడా కడుపే. శుక్రవారం పొద్దున కాజా కొనడానికి వచ్చిన ముసలాయన ఒకడు, రెండు ముక్కలూ చేతిలో పెట్టించుకుని వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పళ్లెంలో పెట్టి వెళ్లిపోయాడు. మాల్యాద్రి, తాను తింటానని ముందుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ బాణలి దగ్గర నిలబడిన మనిషి, నమ్మకస్తుడు. కానీ మాల్యాద్రి ఏదైనా తింటాడని ఊళ్లో అందరికీ తెలుసు, ఆయన తినడం పూచీకత్తు కింద లెక్కలోకి రాలేదు.

జబ్బు సంగతి పైకి చెప్పేస్తే ఏ గొడవా ఉండేది కాదు. అది ఖాదర్ వల్ల కాలేదు. తండ్రికి చక్కెర జబ్బు, కొడుక్కి చక్కెర జబ్బు, ఇద్దరిదీ ఒకటే అంగడి. ఆ అంగడి మిఠాయి తింటేనే ఈ జబ్బు వస్తుందని ఊరు సాయంత్రానికల్లా తేల్చేస్తుంది. అందుకని ఎవరికీ తెలియకుండా నెల్లూరు పోయి పరీక్ష చేయించుకోవాలనుకున్నాడు. పరీక్షకు మూత్రం కావాలి, దానికి సీసా కావాలి. మందుల అంగట్లో సీసా అడిగితే ఎందుకని అడుగుతారు. అంగడి అటక మీద నిమ్మరసం పిండిన పాకం తీసిపెట్టుకునే సీసా ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని చన్నీళ్లతో రెండుసార్లు తొలిచి, సరిపోయిందనుకున్నాడు. కాజాల బాణలి అయితే ఆయన పదిసార్లు తోమించేవాడు. ఇది ఒట్టి సీసాయే కదా.

నెల్లూరు డాక్టరు దగ్గర పరీక్షలు చేసే మనిషి మగ్దలీనమ్మ, తెల్లచీర, ముక్కు మీద కళ్లద్దాలు, అనవసరంగా నవ్వని మొహం. ఆమె గాజుగొట్టంలో నీలంరంగు మందునీళ్లు పోసి, సీసాలోంచి పది చుక్కలు వేసి, సారాదీపం మీద కాచింది. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ తిరిగితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగైతే ఇక చెప్పనక్కర్లేదు. గొట్టం ఆకుపచ్చ దగ్గరా పసుపు దగ్గరా ఆగలేదు. చూస్తుండగానే కొత్తగా కాల్చిన ఇటుక రంగు తిరిగింది. మగ్దలీనమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

"నడిచే వచ్చినారా సాయిబు గారూ?" అని అడిగింది.

నడిచే వచ్చానని చెప్పాడు. ఈ మనిషి నడిచి రావడం ఎట్లా సాధ్యమా అన్నట్టు ఆమె ఆయన్ని కిందికీ పైకీ చూసింది. డాక్టరు చెప్పవలసినవన్నీ చెప్పాడు. తీపి ముట్టకూడదు, అన్నం తగ్గించి రాగిసంగటి తినాలి, కాకరకాయ మంచిది, రోజూ పొద్దున రెండు మైళ్లు నడవాలి, కాళ్లకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి, టీలోకి కావాలంటే చక్కెర బదులు సాకరిన్ బిళ్లలు వేసుకోవచ్చు. రెండు నెలలు పథ్యం చేసి మళ్లీ రమ్మన్నాడు. ఖాదర్‌కు వినబడింది కాళ్లు అన్న ఒక్క మాటే.

తిరుగు బస్సులో పక్క సీటులో ఎవరు కూర్చోవాలో వాళ్లే కూర్చున్నారు. పద్మనాభయ్య గారు వడ్ల పని మీద నెల్లూరు వచ్చి పోతున్నాడు. కోవూరు దగ్గర బస్సు గతుకులో పడేసరికి ఖాదర్ సంచిలోంచి సాకరిన్ బిళ్లల బుడ్డి జారి, దొర్లుకుంటూ పోయి పద్మనాభయ్య గారి చెప్పుకు తగిలి ఆగింది. ఆయన తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుని, చీటీ మీది సాకరిన్ అన్న మాట పైకే చదివాడు.

"ఏందయ్యా ఖాదరూ ఇది?"

ఖాదర్‌కు ఆ క్షణాన తోచిన వస్తువు ఒక్కటే. "చీమల మందయ్యా" అన్నాడు.

పద్మనాభయ్య గారికి ఇంగ్లీషు చదవడం వచ్చు. బుడ్డి తిరిగి ఇచ్చేశాడు. వెనక సీటులో ఉన్నవాళ్లకు ఇంగ్లీషు రాదు గానీ చెవులు బాగా పనిచేస్తాయి. బస్సు బుచ్చిలో ఆగేసరికి ఊరు రెండు పక్షాలుగా చీలింది. చక్కెర మిగిల్చుకోవడానికి ఖాదర్ కాజాల్లో సాకరిన్ కలుపుతున్నాడని చదువుకున్నవాళ్లు అన్నారు. కాదు, చీమలు పట్టకుండా పాకంలో చీమల మందే కలుపుతున్నాడని మిగతావాళ్లు అన్నారు. తన సరుకు తాను ఎందుకు తినడం లేదో ఇప్పుడు తెలిసిందని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు.

మర్నాటి నుంచి ఖాదర్ జీవితంలో తెల్లవారడమే ఒక శిక్ష అయింది. చీకట్లో లేచి కాలవ కట్ట మీద రెండు మైళ్లు నడిచేవాడు, ముళ్లు గుచ్చుకోకుండా రెండు జతల మేజోళ్లు తొడుక్కుని. ఈయన ఇంత పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా ఎక్కడికి పోతున్నట్టు అని దానికీ ఒక కథ పుట్టింది. ఇంటికొచ్చి అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకునేవాడు. తర్వాత మెంతులు నానబెట్టిన నీళ్లు, మధ్యాహ్నం రాగిసంగటీ కాకరకాయా, సాయంత్రం కాకరకాయా. ఒక్కో ముద్దా మింగుతూ, తాను పోయాక అంగడి ఏమవుతుందో సైదాబీకి చెప్పేవాడు. ఆమె వింటూ మంచినీళ్లు తాగేది. మొదటి వారంలోనే కాకరకాయలు తరుగుతూ చూపుడువేలు కోసుకుంది. గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ తరిగింది. ఆ వేలు సంగతి ఖాదర్ అడగలేదు. ఆయన కాళ్లే ఆయనకు బోలెడంత పని.

ఒక చిక్కు మిగిలింది. పాకంలో యాలకులూ నిమ్మరసమూ సరిపోయిందీ లేనిదీ నాలుకకు తప్ప వేరే దేనికీ తెలియదు. ఖాదర్ నాలుకకు నిషేధం, మాల్యాద్రి నాలుక బీడీలు కాల్చి కాల్చి ఎప్పుడో మొద్దుబారింది. అందుకని పొద్దున ఒక గిన్నె పాకమూ రెండు కాజాలూ, సాయంత్రం ఒక గిన్నె పాకమూ రెండు కాజాలూ ఇంటికి పంపించి సైదాబీ చేత రుచి చూపించేవాడు. ఆమె రుచి చూసి, యాలకులు తగ్గినాయనో, నిమ్మకాయ జాస్తి అయిందనో మాల్యాద్రికి చెప్పి పంపేది. తిండి పారేయడం చేతకాని మనిషి, గిన్నె ఖాళీ చేసే పంపేది. మొగుడి బెంగతో పాపం మనిషి సగమైపోయిందని చుట్టుపక్కల ఆడవాళ్లు అనుకున్నారు. ఆ మాట విని ఖాదర్ కళ్లు చెమర్చాయి, తన మీద జాలితో.

కొత్త మిల్లు ప్రారంభం రోజు వచ్చింది. రెండువేల కాజాలు పన్నెండు పళ్లేల్లో సర్ది, ఎద్దులబండిలో తీసుకుపోయి మిల్లు వాకిట్లో దించారు. అంత బాగా కుదిరిన కాజాలు తన చేత్తో ఎప్పుడూ రాలేదని మాల్యాద్రి అన్నాడు. ఊళ్లో పెద్దలంతా వచ్చి ఉన్నారు. వచ్చినవాళ్లలో ఒక్కరూ పళ్లేల వైపు చేయి చాపలేదు. అందరూ పద్మనాభయ్య గారి మొహం చూశారు. ఆయన లేచి ఖాదర్ దగ్గరికొచ్చాడు. నిజానికి ఆయనకు కోపం లేదు. పీర్ సాహెబ్ చేతి కాజాలు తిని పెరిగిన మనిషి, ఎట్లాగైనా ఈ మాట తన వాకిట్లోనే అబద్ధమైపోవాలని ఆయనకే ఉంది.

"ఖాదరూ, మీ నాయన పేరు మీద అడుగుతుండా. ఒక్క కాజా తిను. వీళ్ల నోళ్లు మూయిస్తా."

ఖాదర్ ఒక కాజా చేతిలోకి తీసుకున్నాడు. పాకం వేళ్ల మీదుగా కారింది. తింటే కాలు పోతుంది, తినకపోతే అంగడి పోతుంది. కాలు పోయాక తండ్రి మూడు నెలలు మంచం మీద ఎట్లా ఉన్నాడో, ఆ గదిలో ఏం వాసన వచ్చేదో ఆయన చూశాడు. ఆ వాకిట్లో ఇంకెవరూ చూడలేదు. కాజా తీసినచోటే పెట్టేశాడు.

అప్పుడు మాల్యాద్రికి పౌరుషం వచ్చింది. ఇరవై ఏళ్లు తన చేత్తో వేయించిన సరుకుకు ఈ గతి పట్టడం చూడలేక, ముందుకు దూకి ఒక కాజా నోట్లో వేసుకున్నాడు. అది మింగకుండానే రెండోది వేసుకున్నాడు. అందరికీ కనబడాలని మూడోదీ నాలుగోదీ కుక్కుకున్నాడు. నాలుగోది గొంతుకు అడ్డం పడింది. మాల్యాద్రి కళ్లు తేలేసి, గొంతు పట్టుకుని, పళ్లేల మధ్య వెల్లకిలా పడ్డాడు.

మిల్లు వాకిలి రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. సాకరిన్ పక్షం వాళ్లు కూడా పరుగెత్తుతూ చీమల మందు పక్షంలోకి మారిపోయారు. ఖాదర్ మాల్యాద్రి వీపు మీద నాలుగు గుద్దులు గుద్ది, చెంబెడు నీళ్లు తాగించాడు. మాల్యాద్రి లేచి కూర్చుని, కళ్లు తుడుచుకుని, ఇప్పుడు ఐదోది తిని చూపిస్తానన్నాడు. చూడటానికి ఎవరూ మిగల్లేదు. పద్మనాభయ్య గారు తర్వాత వచ్చినవాళ్లకు అరటిపళ్లు పంచి మిల్లు తిప్పాడు.

ఊరికే ఇస్తామన్నా ఆ కాజాలు తీసుకున్న పాపాన ఎవరూ పోలేదు. మాల్యాద్రి కొన్ని తిన్నాడు. అంత నెయ్యి పోసిన సరుకు నేలపాలు చేయడం పాపమని సైదాబీ ఒక డబ్బా నిండా దాచుకుని రోజూ నాలుగు తింటూ వచ్చింది. మిగతావి కాలవలో పోశారు. ఖాదర్ అంగడి పొయ్యి ఆర్పి, బాణలి బోర్లించి, తలుపుకు తాళం వేశాడు. పీర్ సాహెబ్ చనిపోయిన రోజు కూడా మూతపడని అంగడి నలభై రోజులు మూతపడింది. ఆ నలభై రోజులూ ఖాదర్ అరుగు మీద కూర్చుని తన అరికాళ్లు చూసుకున్నాడు. అంగడి పోయింది, ఇక కాలు పోవడమే తరువాయి. ఈసారి డాక్టరు ఏ కాలు ముందు తీద్దామంటాడో అని కూడా ఆలోచించాడు. కుడికాలి మీద ఆయనకు కొంచెం మమకారం ఎక్కువ.

గడువు నాటికి, బుధవారం పూట, అదే సీసా సంచిలో పెట్టుకుని నెల్లూరు పోయాడు. మగ్దలీనమ్మ ఆయన్ని గుర్తుపట్టింది. అంత ఇటుక రంగును ఎవరు మరిచిపోతారు? సీసా అందుకుని వెలుతురుకెత్తి చూసింది. అడుగున తేనెరంగులో ఏదో గాజుపెంకులా అంటుకుని ఉంది. దీంట్లో ముందు ఏం ఉండేదని అడిగింది. పాకం అని చెప్పాడు. ఆమె సీసా పక్కన పెట్టి, ఒక శుభ్రమైన గాజుగ్లాసు చేతికిచ్చి, చాటుకు పోయి రమ్మన్నది. గ్లాసులోంచి పది చుక్కలు వేసి కాచింది. నీలం నీలంగానే ఉంది. ఎంత కాచినా నీలమే. తర్వాత ఒక తీగతో సీసా అడుగున ఉన్నది గీకి, మంచినీళ్లలో కలిపి, దాన్ని కాచింది. ఇటుక రంగు.

"పోయిన తడవ నేను పరీక్ష చేసింది మీ పాకాన్ని సాయిబు గారూ. మీకేమీ లేదు" అన్నది మగ్దలీనమ్మ. "పాకం మాత్రం మంచి పాకం."

ఖాదర్ ఏడ్చాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, పై పంచెతో మొహం కప్పుకుని, రెండు నెలల కాకరకాయలకూ కలిపి ఏడ్చాడు. తర్వాత లేచి మేజోళ్లు విప్పి పారేశాడు. బుచ్చిలో బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా తిన్నగా పద్మనాభయ్య గారి దగ్గరికి పోయి చీమల దగ్గర్నుంచి సీసా దాకా మొత్తం చెప్పేశాడు. పద్మనాభయ్య గారు విని విని తలపట్టుకున్నాడు. శుక్రవారం అంగడి తెరవమన్నాడు. ఊళ్లో వాళ్లందర్నీ తానే వెంటబెట్టుకొస్తానని, నోటి బోణీలో రెండో సగం తనదేనని చెప్పాడు.

గురువారం పొద్దున ఖాదర్ ఏర్పాట్లు మళ్లీ మామూలుగా ఉన్నాయి. చక్కెర వేసిన టీ తాగాలి, మాల్యాద్రిని పిలిచి పొయ్యి అలికించాలి, బాణలి తోమించాలి. పాట లాంటిదేదో కూనిరాగం తీస్తూ దొడ్లోకి పోయాడు. బండ అంచున నల్లచీమలు బారు తీరి ఉన్నాయి.

ఆయనకు ముందు నవ్వొచ్చింది. పిచ్చి చీమలు, పాకం కాళ్ల కోసం వచ్చి ఉంటాయి అనుకున్నాడు. తర్వాత తన కాళ్లు చూసుకున్నాడు. పొయ్యి ఆర్పి నలభై రోజులు దాటింది. ఆ కాళ్లకు పాకం ఎక్కడిది? పోనీ తన ఒంట్లో ఉందా అంటే, నీలం నీలంగానే ఉండటం నిన్న కళ్లారా చూశాడు. అయినా చీమలు వచ్చాయి. రెండు నెలల కిందటి లాగే గోడ పునాదిలోంచి బయలుదేరి, బండెక్కి, తడి ఉన్నంత మేరా చేరాయి. అవి ఎవరి కోసం వచ్చాయన్నది ఆయన జీవితంలో మొదటిసారి ఆలోచించాడు. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే.

కూనిరాగం ఎక్కడ ఆగిపోయిందో ఆయనకు తెలియలేదు. లోపలికొచ్చాడు. సైదాబీ కుండ దగ్గర నిలబడి నీళ్లు తాగుతోంది. చెంబు దించి, మళ్లీ ముంచుకుని, మళ్లీ తాగింది. రవికె భుజాల మీద వదులుగా వేలాడుతోంది. చూపుడువేలికి గుడ్డపీలిక ఇంకా ఉంది. ఖాదర్ ఆ చేయి పట్టుకుని పీలిక విప్పాడు. కాకరకాయలు తరిగిన నాటి గాటు, రెండు నెలలైనా ఎర్రగా, పచ్చిగా, నిన్న తెగినట్టే ఉంది. పొద్దున ఒక గిన్నె పాకం, సాయంత్రం ఒక గిన్నె, ఆ తర్వాత డబ్బాలోంచి రోజుకు నాలుగు కాజాలు. పంపించింది తనే. గిన్నె ఖాళీగా తిరిగొస్తే సంతోషించింది కూడా తనే.

"ఎన్నాళ్లుగా ఇట్టా దాహం నీకు?"

"ఎండలు కదా" అన్నది సైదాబీ. మార్గశిర మాసం అది.

ఆయన వంటింట్లోకి పోయి, నూనె సీసా ఒకటి వొంపేసి, కుంపటి మీద నీళ్లు మరగబెట్టి, ముగ్గుతో తోమి, ఏడుసార్లు కడిగాడు. గుమ్మంలో నిలబడి సైదాబీ చూస్తోంది.

"మళ్లీ సీసా ఎందుకండీ? మీకేమీ లేదని నిన్ననే గదా చెప్పినారు."

"నాక్కాదులే" అన్నాడు. ఆమె చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆ సీసా సంచిలో పెట్టుకుని ఇద్దరూ నెల్లూరు బస్సెక్కారు. మగ్దలీనమ్మ ఈసారి సీసా సంగతి తానే అడిగింది. వేన్నీళ్లతో ఏడుసార్లు కడిగానని ఖాదర్ చెప్పాడు. అయినా ఆమె నమ్మక, గాజుగ్లాసిచ్చి సైదాబీని చాటుకు పంపింది. గొట్టం దీపం మీద పెట్టాక నీలం ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, ఇటుక రంగు అయింది. పాకం గురించి మగ్దలీనమ్మ ఈసారి ఏమీ అనలేదు. ఖాదర్‌కు కుర్చీ చూపించింది. డాక్టరు మాత్రలు రాసిచ్చి, వేలికి కట్టు కట్టించి, ఇప్పుడైనా తెలిసింది కాబట్టి జాగ్రత్తగా ఉంటే భయం లేదన్నాడు. ఇంకో ఏడాది పోయి ఉంటే కాళ్ల దాకా వచ్చేదన్నాడు. పథ్యం చెప్పబోతే ఖాదర్ అడ్డుపడి, తనకు కంఠతా వచ్చునని చెప్పాడు. తిరుగు బస్సులో సైదాబీ తన గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంట్లో ఆ డబ్బాలో ఇంకా కాజాలున్నాయి, పారేయకుండా మాల్యాద్రికివ్వండి అని మాత్రం చెప్పింది. శుక్రవారం పొద్దున కాకరకాయలు ఖాదరే తరిగి, కూర పొయ్యి మీద పెట్టి, ఆమె చెప్పులేసుకుని కాలవ కట్ట మీదికి బయలుదేరడం చూసి, అప్పుడు అంగడికి పోయాడు.

అంగడి ముందు బజారంతా నిండి ఉంది. పద్మనాభయ్య గారు మాట నిలబెట్టుకున్నాడు. మాల్యాద్రి బాణలిలోంచి మొదటి కాజా తీసి పళ్లెంలో పెట్టాడు. ఖాదర్ దాన్ని అందరి ఎదుటా విరిచి, సగం పద్మనాభయ్య గారి చేతిలో పెట్టి, సగం తన నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఇరవై రెండేళ్లలో ఏ రోజూ ఇంత మంది ఎదుట తినలేదు, ఏ రోజూ ఇంత చేదుగా లేదు. మింగడానికి మాత్రం మింగాడు.

"ఎట్టుందయ్యా ఖాదరూ?" అని అడిగాడు పద్మనాభయ్య గారు, జనానికి వినబడేట్టు.

"తియ్యగా ఉందయ్యా" అన్నాడు ఖాదర్.

ఆ అంగట్లోంచి కల్తీ సరుకు బయటికి రావడం అదే మొదటిసారి.